చీమలు చెప్పిన రోగము

విషూచి యొక ఊరిలో అడుగు పెట్టినచో ఆ సంగతి తెల్లవారకముందే ఊరంతకును తెలియును. మశూచికము పొడసూపినచో రోగి ముఖమే సాక్ష్యము చెప్పెడిది. కాని ఏండ్ల తరబడి మనుష్యుని నెత్తుటిలో కాపురముండియు, ఇంటివారికి గాని, తుదకు ఆ మనుష్యునికే గాని తన యునికిని తెలియనీయని వ్యాధి మధుమేహము. అందుచేత ఈ వ్యాధి చరిత్రలో మందుల కథకంటె గుర్తుపట్టుట యను కథయే పెద్దది. మొదట చీమలు చెప్పగా, పిదప నాలుక చెప్పగా, ఆ వెనుక గాజుగొట్టములోని రంగు చెప్పగా, తుదకు రక్తబిందువు చెప్పగా, సుమారు రెండువేల యేండ్ల కాలమున మనుష్యుడు ఈ రోగమును ఒక్కొక్క మెట్టు ముందుగా పట్టుకొనుట నేర్చుకొనెను. విశేషమేమనగా, పట్టుకొను సాధనము కాలముతో మాఱుచు వచ్చినను, రోగమును దూరముగా నుంచుటకు పెద్దలు చెప్పిన ఉపాయము మాత్రము ఆదినుండి నేటివరకు దాదాపుగా ఒక్కటే.

మన దేశమున ఈ విషయమును విపులముగా వ్రాసిన ప్రాచీనులు చరక సుశ్రుతులు. మూత్రము అధికముగను కలుషముగను వెడలు రోగముల నన్నింటిని వారు ప్రమేహములను పేర చేర్చి, కఫము వలన పది, పిత్తము వలన ఆఱు, వాతము వలన నాలుగు, వెరసి ఇరువది భేదములుగా విభజించిరి. వాతజములలో చేరిన మధుమేహము మిక్కిలి కష్టమైనదనియు, తక్కిన ప్రమేహములను ఉపేక్షించినచో అవియు కాలక్రమమున ఆ దశకే చేరుననియు సుశ్రుతుని మతము. ఈ ఇరువది భేదములను నేటి వైద్యుడు అంగీకరింపడు. వానిలో కొన్ని మధుమేహముతో పొత్తులేని వేఱు రోగములు. అయినను చరకసంహితయందు, రోగము పూర్తిగా బయలుపడకముందు కానవచ్చు పూర్వరూపముల పట్టిక నొకదానిని చదివినప్పుడు నేటి వైద్యుడు సైతము ఆగి మరల చదువవలసి యుండును. నోరు తియ్యగా నుండుట, అంగిలియు గొంతుకయు ఎండుట, దాహము, చేతులును పాదములును తిమ్మిరెక్కుట, మండుట, ఒడలు బరువై పనికి మనసొప్పకపోవుట, ఎల్లవేళల కునికిపాటు, తలవెండ్రుకలు జడలు కట్టుట, ఒడలి దుర్వాసన, శరీరమునకును మూత్రమునకును చీమలు చేరుట మొదలైనవి అందున్నవి. వీనిలో దాహము, నోరెండుట, నిస్సత్తువ, పాదముల తిమ్మిరి, మంట అనునవి నేటికిని ఆసుపత్రి గోడలమీద అంటించు హెచ్చరికలలో కానవచ్చుచునే యున్నవి.

రోగలక్షణములతో ఆ పెద్దలు తృప్తిపడలేదు. రోగి యెవడు, ఎట్లు జీవించుచున్నాడు అని కూడ విచారించిరి. మెత్తని ఆసనమున సుఖముగా కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్తధాన్యము, బెల్లపు వంటకములు, వీని మితిమీఱిన సేవనమును చరకుడు కారణములుగా ఎంచెను. నడకకును స్నానమునకును విముఖుడై తిండియందు మాత్రము ఆసక్తుడైనవానిని ఈ రోగము త్వరగా చేరునని హెచ్చరించెను. సుశ్రుతుడు మఱియొక అడుగు ముందునకు వేసి, పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యము వలన వచ్చునది యొకటి అని రోగమును రెండుగా చేసి, మొదటి తెగవాడు కృశించి, అల్పముగా తిని, విపరీతముగ దప్పిగొని తిరుగులాడుచుండుననియు, రెండవ తెగవాడు స్థూలుడై, బహుభోజియై, ఎప్పుడును కూర్చుండుటకో పండుకొనుటకో చూచుచుండుననియు వర్ణించెను. 1936లో లండనునందు హిమ్స్‌వర్త్ అను వైద్యుడు ఇన్సులినుకు లొంగు మధుమేహమును, లొంగని మధుమేహమును శాస్త్రీయముగా వేఱుపఱచి, నేటి ‘టైపు 1’, ‘టైపు 2’ విభజనకు పునాది వేసెను. ఆ భేదమును ప్రయోగముతో నిరూపించిన ఘనత ఆయనది. రోగుల ఆకారములో భేదమును కన్నులతో చూచి వ్రాసిన ఘనత సుశ్రుతునిది. ఈ రెంటిని ఒకటిగా కలిపి, మనవారికి సమస్తమును ముందే తెలియునని గర్వించుట చరిత్ర కాదు.

చికిత్సాభాగమున సుశ్రుతుడు చెప్పిన విధులు చదువుటకు వింతగా నుండును. ధనములేనివాడు చెప్పులును గొడుగును విడిచి, భిక్షాన్నము తినుచు, ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్క రాత్రి మాత్రమే నిలిచి, మునివలె నియమముతో నూఱు యోజనములో అంతకు మించియో నడువవలెనట. ధనవంతుడు శ్యామాక నీవారాది ధాన్యములును, ఉసిరిక, వెలగ మొదలైన పండ్లును తిని అడవిలో మృగములతోపాటు సంచరింపవలెనట. ఆవులవెంట తిరుగుట, బావి త్రవ్వుట కూడ ఆ విధులలోనివే. శ్యామాకమనగా చామలజాతి చిఱుధాన్యము; నీవారమనగా విత్తకయే మొలచు అడవివరి. చరకుడు యవలకు అగ్రస్థానమిచ్చెను. ఆనాటి సంఘములోని వర్ణభేదములును, ఐశ్వర్యభేదములును ఈ విధులలో ప్రతిఫలించుచున్నను, వాని సారము స్పష్టము: కూర్చున్నవాడు లేవవలెను, లేచినవాడు నడువవలెను, నడిచినవాడు పొట్టుతీయని ధాన్యమును మితముగా తినవలెను.

తరువాతి శతాబ్దములలో తెలుగునాటి వైద్యులు నాడి, మూత్రము, మలము, నాలుక, శబ్దము, స్పర్శము, దృష్టి, ఆకృతి అను అష్టస్థానపరీక్షను ఆచరించుచు వచ్చిరి. మూత్రపరీక్షకు యోగరత్నాకరమను వైద్యగ్రంథము చెప్పిన పద్ధతిని చూడుడు: తెల్లవారుటకు నాలుగు ఘడియల ముందు రోగిని లేపి, మొదటి ధారను విడిచి, నడిమి ధారను శుభ్రమైన పాత్రలో పట్టి, సూర్యోదయమైన పిదప దానిపై ఒక నూనెచుక్కను గడ్డిపోచతో వదలి, ఆ చుక్క ప్రాకిన తీరునుబట్టి దోషమును నిర్ణయింపవలెను. నడిమి ధారను పట్టుమని నేటి ల్యాబులోను చెప్పుచునే యున్నారు. కాని నూనెచుక్క చక్కెరను తెలుపజాలదు. నిజముగా తెలుపగలిగినవి చీమలు మాత్రమే. దొడ్డిలో ముసలివాడు కూర్చున్నచోట చీమలు బారులు తీరినవని ఇంటి ఇల్లాలు చెప్పగా వైద్యుడు తల పంకించుట ఆ కాలపు రోగనిర్ణయము. అట్టివేళ ఆయన పొడపత్రి, తంగేడుపువ్వు, నేరేడుగింజల చూర్ణము, కాకర, మెంతులు, పసుపుతో కలిపిన ఉసిరిక వీనిని వాడించుచుండెను. వీనిలో పొడపత్రి విచిత్రమైనది. ఆ ఆకును నమిలి, వెంటనే నాలుకపై చక్కెర వేసికొనినచో తీపి ఏమాత్రమును తెలియదు, ఇసుక నోటబోసికొనినట్లుండును, కొంతసేపటికి గాని నాలుకకు రుచి తిరిగి రాదు. ఇది ఎవరైనను చేసి చూడదగిన పరీక్షయే. అయితే నాలుకకు తీపి మఱపించుట వేఱు, నెత్తుటిలోని తీపిని తగ్గించుట వేఱు. ఈ మూలికలలో కొన్నింటికి స్వల్పగుణమున్నట్లు పరిశోధనలు చెప్పినను, వైద్యుడు వ్రాసిన మందును మాని వీనిని పట్టుకొనుట ప్రమాదకరము.

ఐరోపాలో కథ నాలుకతో మొదలైనది. 1674లో తామస్ విల్లిస్ అను ఆంగ్లవైద్యుడు ఈ రోగుల మూత్రము తేనెవలె తియ్యగానుండునని ప్రకటించెను. ఆ తీపి యేమిటో ఆయన తేల్చలేదు. దాదాపు నూఱేండ్లకు, 1776లో, లివర్‌పూల్ నగర వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రమును సన్నని సెగపై ఇగిర్చి, అడుగున మిగిలిన తెల్లని గట్టిపదార్థము చూచుటకును రుచికిని చక్కెరయే యని నిరూపించెను. అంతకంటె ముఖ్యముగా, రోగి రక్తద్రవము కూడ తియ్యగానున్నదని గమనించెను. దానితో తీపి మూత్రపిండములలో పుట్టుట లేదని, ఒడలంతట వ్యాపించి యుండి అచ్చటనుండి వెలికి వచ్చుచున్నదని తెలిసినది. 1815లో షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు అది ద్రాక్షపండ్లలోని చక్కెరయే, అనగా గ్లూకోజే యని తేల్చెను. 1889లో స్ట్రాస్‌బర్గునందు మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనువారు కుక్కకు క్లోమమును తీసివేయగా దానికి మధుమేహము వచ్చుట చూచి రోగపు మూలస్థానమును కనుగొనిరి. ఈ మధ్యకాలమున పారిస్ నగరమున బూషార్దా అను వైద్యుడు, 1870–71 నాటి ముట్టడిలో ఆహారము కఱవై నగరమంతయు పస్తులున్నప్పుడు, తన మధుమేహరోగుల మూత్రమున చక్కెర తగ్గుటయో మాయమగుటయో గమనించి, తక్కువగా తినుమనియు, శరీరశ్రమ చేయుమనియు వారికి బోధింపసాగెను. సుశ్రుతుడు విధించిన దేశసంచారమునకును, బూషార్దా విధించిన శ్రమకును నడుమ కాలము చాల గడచినది. ఉపదేశము మాత్రము మాఱలేదు.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల అమెరికన్ రసాయనశాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్టు తయారుచేసిన నీలిద్రవము మన జిల్లా ఆసుపత్రులకును చేరి, చీమలకును నాలుకకును పని లేకుండ చేసెను. నేడు అఱువది దాటినవారికి ఆ దృశ్యము గుర్తుండవచ్చును. గాజుగొట్టములో అయిదు మిల్లీలీటర్ల నీలిద్రవము పోసి, దానిలో ఎనిమిది చుక్కల మూత్రము వేసి, చెక్కపట్టుతో పట్టుకొని స్పిరిటుదీపముపై మరిగించుచు కాంపౌండరు కన్నార్పక చూచుచుండెడివాడు. నీలము నీలముగానే నిలిచినచో చక్కెర లేదు. ఆకుపచ్చనైనచో ఒక ప్లస్సు, పసుపైనచో రెండు, నారింజరంగైనచో మూడు, ఇటుకరంగై అడుగున మడ్డి దిగినచో నాలుగు ప్లస్సులు. బల్లపై కూర్చున్న రోగి ఆ రంగునే తన జాతకముగా భావించి ఎదురుచూచుచుండెడివాడు.

ఆ గాజుగొట్టమునకు ఒక లోపము కలదు. లక్షణములు కానరానంతవరకు ఈ వ్యాధి లేనట్లేయని ప్రజలలో నేటికిని నిలిచియున్న భ్రమకు అదియే మూలము. రక్తములోని చక్కెర నూఱు మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటువరకు మూత్రపిండములు దానిని బయటకు పోనీయక తిరిగి రక్తములోనికే పీల్చుకొనును. చెఱువు నిండిన పిమ్మటనే అలుగు పాఱినట్లు, ఆ హద్దు దాటిన పిదపనే చక్కెర మూత్రములో కానవచ్చును. అట్లు వెడలు చక్కెర తనతో నీటిని కూడ లాగుకొనిపోవుటచేత రోగి రాత్రివేళ పలుమాఱులు లేచును. నీరు పోవుటచేత దప్పి తీఱదు. తిన్న తిండి కణములకు అందకపోవుటచేత ఆకలి పెరుగును, ఒడలు తగ్గును, నిస్సత్తువ కలుగును. చూపు మసకబాఱుట, పుండు మానకపోవుట, చర్మముపైనను మర్మస్థానములందును బూజుజాతి దురదలు పదేపదే వచ్చుట, సుశ్రుతుడు ప్రమేహపిడకలనియు పల్లెవారు రాచకురుపులనియు చెప్పిన పెద్ద సెగ్గడ్డలు లేచుట, ఇవన్నియు ఆ తరువాతి సంగతులు. కనుక చీమలు చేరిననాటికిని, ఇటుకరంగు తేలిననాటికిని టైపు 2 మధుమేహము పాతబడియే యుండును. రోగమని తెలిసిన తొలిదినముననే కొందఱి కంటి రక్తనాళములు చెడియుండుటకును, పాదములు మొద్దుబాఱి యుండుటకును కారణమిదియే.

రక్తములోని చక్కెరను కొలుచు పద్ధతులు ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దము తరువాత ఆసుపత్రులకు అందినవి. వానిలో ప్రసిద్ధమైన ఫోలిన్–వూ పద్ధతిని రూపొందించిన ఆటో ఫోలిన్, హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయనశాఖకు అధ్యక్షుడు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి ఆ శాఖలోనే ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనుట తెలుగువారు మఱవరాని సంగతి. 1921–22లో టొరంటోనందు బాంటింగు, బెస్టు, మాక్లియడ్, కాలిప్ అనువారల కృషిచేత క్లోమమునుండి ఇన్సులిను లభించి, అంతవరకు మృత్యుముఖమున నున్న పిల్లలు బ్రతుకసాగిరి. ఆంధ్రప్రాంతమింకను మదరాసు ప్రావిన్సులో కలిసియున్న దినములలో, 1948లో, మదరాసు స్టాన్లీ ఆసుపత్రిలో ఎం. విశ్వనాథన్ మధుమేహమునకు ప్రత్యేకముగ ఒక వైద్యశాల తెఱచెను.

సాధనములు పెరిగినట్లే రోగులును పెరిగిరి. 1907లో బ్రిటిష్ వైద్యసంఘము ఉష్ణదేశముల మధుమేహమును చర్చించినప్పుడు, ఈ రోగము బెంగాలులో జమీందార్లు, న్యాయవాదులు, కచేరీ ఉద్యోగులు వంటి కూర్చుండి జీవించువారిలో విశేషమని అచ్చటి అనుభవజ్ఞులు చెప్పిరి. తెలుగుదేశమున కూడ ఇది చిరకాలము ‘గొప్పవారి రోగము’గానే చెల్లినది. ఆ మాట యెట్లు చెల్లకుండబోయెనో తెలిసికొనుటకు మన పళ్లెమును, మన పనిని చూడవలెను. ధవళేశ్వరమున 1852లోను, బెజవాడయందు 1855లోను ఆనకట్టలు పూర్తియై డెల్టాలు వరిమయమైనవి. రోకటిపోటుతో తవుడు మిగిలిన దంపుడు బియ్యమునకు మాఱుగా మరబియ్యము వచ్చినది. రాయలసీమ రాగిసంకటియు, తెలంగాణపు జొన్నగటకయు, మెట్టపల్లెల కొఱ్ఱ, చామ, వరిగ అన్నములును క్రమముగా పేదఱికపు గుర్తులై, తెల్లని అన్నము గౌరవపు గుర్తైనది. 1983లో కిలో రెండురూపాయల బియ్యము పేదల ఆకలి తీర్చిన మహోపకారము. అయినను పొలమునకు ట్రాక్టరును, ఇంటికి మోటారుబైకును, తీరిక వేళలకు టెలివిజనును వచ్చినప్పుడు పళ్లెములోని అన్నపురాశి మాత్రము నాగలి దున్నిననాటి కొలతలోనే మిగిలిపోయినది. బియ్యమొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. శ్రమ తగ్గి తిండి తగ్గకపోవుటయే దోషము.

ఫలితము లెక్కలలో కానవచ్చుచున్నది. 1970 ప్రాంతముల భారత వైద్యపరిశోధనామండలి సర్వేలో మధుమేహము పట్టణములందు నూటికి 2.1, పల్లెలందు 1.5 మాత్రమే. 2001లో ప్రకటితమైన ఆఱు మహానగరముల సర్వేలో హైదరాబాదు 16.6 శాతముతో ప్రథమస్థానమున నిలిచినది. మదరాసు, బెంగుళూరు, కలకత్తా, ఢిల్లీ, బొంబాయి దాని వెనుకనే. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులును, ఆ గడప ముంగిట నిలిచినవారు 13 కోట్లకు పైగాను కలరు.

ఆ గడప ముంగిటి దశను గుర్తించుటయే ఈ చరిత్రలో కడపటి మెట్టు. పరగడుపున చక్కెర 100 లోపుండుట ఆరోగ్యము; 126, ఆపైన మధుమేహము; నడుమనున్నది హెచ్చరిక. 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండుగంటలకు 140 లోపు ఆరోగ్యము, 200, ఆపైన రోగము. ‘మూడు నెలల షుగరు’ అని జనము పిలుచు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 మొదలు 6.4 శాతము వరకు హెచ్చరిక, 6.5, ఆపైన రోగము. లక్షణములు లేనివారికి ఒక్క పరీక్షతో ముద్ర వేయక మఱియొకసారి చూచి నిర్ధారింపవలెను. హెచ్చరిక దశలో దాహముండదు, నొప్పియుండదు, చీమలుండవు. మెడవెనుకను చంకలందును చర్మము నల్లబడి మందమగుట కొందఱిలో కానవచ్చు ఏకైక గుర్తు.

అచ్చటనుండి వెనుకకు మరలవచ్చునా యను ప్రశ్నకు గత నలుబదియేండ్లలో మూడు దేశములు సమాధానమిచ్చినవి. చైనాలోని దాచింగ్ నగరమున 1986లో ఆరంభించిన పరిశోధనలో ఆహారనియమము, వ్యాయామము రోగమును వాయిదా వేసినవి. ముప్పదియేండ్ల తరువాత చూడగా ఆ సమూహములో గుండెజబ్బులును మరణములును కూడ తగ్గినవి. అమెరికాలో మూడువేలమందికి పైగా పాల్గొనిన పరిశోధనలో, వారమునకు 150 నిముషముల నడకతోను, 7 శాతము బరువు తగ్గింపుతోను రోగము వచ్చుట 58 శాతము తగ్గినదని 2002లో ప్రకటించిరి. మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించినది 31 శాతము. చెన్నపట్టణమున రామచంద్రన్ బృందము 531 మంది భారతీయులపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో నడక, మితాహారములచేత తగ్గింపు 28.5 శాతము. మనవారిలో లాభము కొంత తక్కువయైనను మాత్రతో సమానముగనే నిలిచినది. నూఱు యోజనములు నడువుమన్న ఆజ్ఞకు లెక్కల సాక్ష్యము ఇట్లు లభించినది.

కనుక పాఠకునికి మనవి చేయవలసినది కొంచెమే. ముప్పదియేండ్లు దాటినవారు ఏ బాధయు లేకున్నను ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఇది ఉచితము. తల్లికో తండ్రికో ఈ వ్యాధియున్నవారు, గర్భకాలమున చక్కెర పెరిగిన స్త్రీలు, నడుము కొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించినవారు ఆలస్యము చేయరాదు. పిల్లలు హఠాత్తుగా చిక్కి, దప్పిగొని, పక్క తడుపుచున్నచో ఆనాడే వైద్యునికి చూపవలెను. అది టైపు 1 కావచ్చును, అందు దినములే కాదు, గంటలును విలువైనవి. తక్కినవారు అన్నపురాశిని తగ్గించి, కూరయు పప్పును పెంచి, దినమునకు అరగంట వడిగా నడిచినచో చాలును. ఈ రోగము చీమలు చెప్పువరకు ఆగనక్కఱలేదు. పరగడుపున తీసిన ఒక రక్తపుచుక్క వానికంటె ఏండ్ల ముందుగా చెప్పగలదు.